వరిగడ్డి, నత్రజని, నేల

గోదావరి డెల్టాలో సార్వా పంట కోసినది మొదలు దాళ్వా నాట్లు పడువరకు రైతుకు చిక్కు వ్యవధి కొద్ది వారములే. పూర్వము కొడవలితో కోసి, పనలు కట్టి, కుప్ప నూర్చి, గడ్డిని పశువులకు వాము వేసెడివారు. ఇప్పుడు వరికోత యంత్రము గింజను తీసికొని గడ్డిని చేనిలోనే చిమ్మిపోవుచున్నది. ఏరించుటకు కూలి, దున్నుటకు వ్యవధి చాలక పలువురు అగ్గిపుల్లను ఆశ్రయించుచున్నారు.

ఆ మంటలో పోవునదెంత? టన్ను ఎండుగడ్డిలో సుమారు 5 నుండి 8 కిలోల నత్రజని ఉండును. కాల్చినచో అది దాదాపు అంతయు గాలిలో కలిసిపోవును. పొటాషియము చాలవరకు బూడిదలో నిలుచును. కాని గాలికి ఎగిరిపోగా, నీటికి కొట్టుకొనిపోగా మిగిలినదే పైరుకు దక్కును. "బూడిద ఎరువే కదా" అను మాట సగమే నిజము. వరి నేలనుండి తీసికొన్న పొటాషియములో అధికభాగము గింజలో గాక గడ్డిలోనే ఉండును. యూరియా ఎంత వేసినను ఈ లోటు తీరదు.

అట్లయిన గడ్డిని కలియదున్నుటయే మేలు కదా! కాని దున్నిన వెంటనే నాటిన చేను తొలి వారములలో పసుపుబారుట రైతులు ఎరిగినదే. దీనికి కారణము సూక్ష్మజీవులు. గడ్డిలో కర్బనమునకు, నత్రజనికి గల నిష్పత్తి రమారమి 60:1. సూక్ష్మజీవుల దేహములో అది 10:1కి లోపే. టన్ను గడ్డిలోని 400 కిలోల కర్బనములో మూడవవంతు అవి దేహనిర్మాణమునకు వాడుకొన్నవనుకొందము. అందుకు 13 కిలోలకు పైగా నత్రజని కావలెను. గడ్డిలో ఉన్నది అందులో సగమే. తక్కినదానిని నేలనుండి, అనగా పైరుకు వేసిన యూరియానుండి కూడ, లాగుకొనును. (నీరు నిలిచిన మడిలో ఈ లాగుడు కొంత తక్కువ.) అవి చచ్చి శిథిలమైన కొలది ఆ నత్రజని మరల పైరుకు అందును, అయితే పిలక తొడుగు వేళకు అందకపోవచ్చును.

కావున నాట్లకు రెండు మూడు వారములు ముందుగా, నేల పదునుగా ఉండగా, గడ్డిని దున్ని, యూరియాలో ఒక భాగమును దమ్ములోనే వేయవలెను. నీరు కట్టి అప్పటికప్పుడు తొక్కించినచో ప్రాణవాయువు అందక మీథేను, వేళ్లను కుంటుపరచు ఆమ్లములు పుట్టును. దాళ్వాకు ముందు ఇంత వ్యవధి దొరకుట కష్టమే. దాళ్వా కోసిన పిమ్మట మాత్రము తొలకరి పదును వరకు ఆగవచ్చును. ఆ గడ్డిని కాల్చుటకు అంత బలమైన కారణము కనబడదు.

ఈ లాగుడును బడిలోనే చూడవచ్చును. మూడు కుండీలలో ఒకే చేనిమట్టి నింపి, రెండింటిలో సన్నగా తరిగిన గడ్డి గుప్పెడు చొప్పున కలిపి, వానిలో ఒకదానికి చిటికెడు యూరియా చేర్చి, మూడింటను వరి విత్తి తడుపుచుండవలెను. మూడు నాలుగు వారములకు గడ్డి మాత్రమే కలిపిన కుండీలోని ఆకులు సాధారణముగా పాలిపోయి కనబడును.