కరెంటొచ్చింది, సర్వర్ రాలేదు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: లైట్లు వెలుగుతున్నా పని ఎందుకు ఆగుతోంది?

వానాకాలం ముందు ఇన్వర్టర్ల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కరెంటు పోతే ఆఫీసు కంప్యూటర్లు ఏమవుతున్నాయో రాయమన్నారు. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోతాయని కూడా గుర్తుచేశారు. తీరా మొదలుపెట్టాక నన్ను పట్టుకుని వదలనిది ఏ ఇన్వర్టరూ కాదు, అయిదేళ్ల కిందటి ఒక ప్రభుత్వ ప్రకటన.

2021 జులైలో తెలంగాణ ఐటీ శాఖ ఇచ్చింది దాన్ని. జులై 9 శుక్రవారం రాత్రి 9 గంటల నుంచి 11వ తేదీ ఆదివారం రాత్రి 9 గంటల దాకా ప్రభుత్వ వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు అందుబాటులో ఉండవన్నది సారాంశం. కారణం, గచ్చిబౌలిలోని స్టేట్ డేటా సెంటర్‌లో కొత్త యూపీఎస్ పెట్టడం. అంటే కరెంటు పోయినా సేవలు ఆగకూడదని తెచ్చిన సరుకును బిగించడానికి రెండు రోజులు సేవలన్నీ ఆపారన్నమాట.

చదవగానే నవ్వొచ్చింది. రెండోసారి చదివాక గౌరవం కలిగింది. 10వ తేదీ రెండో శనివారం, మర్నాడు ఆదివారం. ఆఫీసులు ఎలాగూ మూసుండే రోజులు చూసుకుని, ముందే చెప్పి, తామే ఆపారు. సర్వర్లు ఆగడంలో రెండు రకాలుంటాయి: మనం ఆపితే ఆగడం, అవే పడిపోవడం. మొదటిదానికి ప్రకటన వస్తుంది. రెండోదానికి మీసేవ కేంద్రం తలుపు మీద ‘సర్వర్ డౌన్’ అని అట్టముక్క వేలాడుతుంది.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. యూపీఎస్ మార్చాలంటే అన్నీ ఆపాల్సిందేనా? పెద్ద సర్వర్‌ను వెనక్కి తిప్పి చూస్తే రెండు పవర్ సప్లయ్‌లు, వాటి నుంచి రెండు తీగలు కనిపిస్తాయి. ఒకటి ఒక యూపీఎస్ నుంచి, రెండోది ఇంకో యూపీఎస్ నుంచి రావాలి. అలా ఉంటే ఒకదాన్ని పూర్తిగా పీకి కొత్తది పెట్టినా సర్వర్‌కు ఆ సంగతే తెలియదు. రెండు తీగలూ ఎక్కడో వెనకాల ఒకే చోట కలిశాయంటే మాత్రం ముందున్న ఏర్పాటంతా అలంకారమే. ఇలాంటి లోపం పెద్ద సంస్థల్లోనూ బయటపడింది. 2016 ఆగస్టు 8న అమెరికాలో డెల్టా విమాన సంస్థ డేటా సెంటర్‌కు కరెంటు తెగింది. అక్కడున్న దాదాపు 7,000 పరికరాల్లో 300 దాకా బ్యాకప్ కరెంటుకు సరిగ్గా కలపలేదని ఆ తర్వాత గాని బయటపడలేదు. ఆ మూడు వందలు మిగతావాటినీ కుంటుపరిచాయి. రెండు వేలకు పైగా విమానాలు రద్దయ్యాయి.

మన దగ్గర ఇన్వర్టర్, యూపీఎస్, జనరేటర్ అన్నీ కలిపి ‘బ్యాకప్’ అనేస్తాం. ఎవరి పని వారిదే. కరెంటు పోయిన క్షణానికీ డీజిల్ జనరేటర్ లేచి లోడు అందుకునే క్షణానికీ నడుమ కొన్ని సెకన్లు ఉంటాయి. ఆ సందును పూడ్చడం యూపీఎస్ పని. గంటల తరబడి లాగడం డీజిల్ పని. ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీకి మారేటప్పుడు తీసుకునే కొన్ని మిల్లీసెకన్లు ఫ్యానుకు పట్టవు గాని, కంప్యూటర్ ఒక్కోసారి మళ్లీ మొదటికొస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఆఫీసులోనూ టైపు చేస్తున్న దరఖాస్తు మాయమయ్యేది ఇందుకే.

కరెంటు పోవడం కన్నా తిరిగి రావడమే ఎక్కువ ప్రమాదమని సర్వర్ గదుల్లో పనిచేసేవాళ్లు అంటారు. నమ్మబుద్ధి కాకపోతే 2017 మే 27 చూడండి. లండన్ దగ్గర బ్రిటిష్ ఎయిర్‌వేస్ డేటా సెంటర్‌లో కరెంటు సరఫరాను తప్పించి, పద్ధతి లేకుండా మళ్లీ కలిపారు. ఒక్కసారిగా వచ్చిపడ్డ విద్యుత్తు పరికరాలను దెబ్బతీసింది. 75,000 మంది ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు.

పరికరాలు బాగానే ఉన్నాయనుకుందాం. అప్పుడైనా అన్ని స్విచ్‌లూ ఒకేసారి వేయకూడదు. ముందు గది చల్లబరిచే ఏసీలు, ఆ వెంట నెట్‌వర్క్ స్విచ్‌లు, డేటా ఉండే స్టోరేజీ లేవాలి. స్టోరేజీ లేచి డిస్కులన్నీ కనిపిస్తున్నాయని చెప్పాకే, పేర్లు, సమయం, లాగిన్లు చూసుకునే సర్వర్లను లేపాలి. డేటాబేస్ వంతు ఆ తర్వాతే. మనం చూసే వెబ్‌సైట్ అన్నింటికన్నా చివర. వెబ్‌సైట్ ముందు లేచి డేటాబేస్ ఇంకా లేవకపోతే, అన్నం ఉడక్కముందే పంక్తి వేసి జనాన్ని పిలిచినట్టే. తెరుచుకున్న పేజీ తప్పు చూపిస్తుంది, జనం మళ్లీ మళ్లీ నొక్కుతారు, ఆ ఒత్తిడికి అప్పుడే లేస్తున్నది మళ్లీ పడుతుంది.

డేటాబేస్‌కు ఆలస్యం ఎందుకంటే అది తన చిట్టా తాను చదువుకుంటుంది. మంచి డేటాబేస్ ఏ మార్పునైనా ముందు లాగ్‌లో రాసుకుని, తర్వాతే అసలు పట్టికలో ఎక్కిస్తుంది. కరెంటు హఠాత్తుగా పోతే లేచాక ఆ లాగ్ తిరగేసి, పూర్తయిన పనులను ఎక్కించి, సగంలో తెగినవాటిని కొట్టేస్తుంది. ఫీజు కట్టినట్టు ఫోన్‌లో మెసేజ్ వచ్చి రసీదు రాని దరఖాస్తు ఈ సందులోనే ఇరుక్కుంటుంది. ఈలోగా ఎవరో ఓపిక చాలక మళ్లీ స్విచ్ ఆపి వేశారా, చదువు మళ్లీ మొదటి నుంచే.

ఇక సేవ అందుకునే ఇవతలి చివర. మూడు జిల్లాల్లో ఏ మండల కేంద్రంలోనైనా ఈ మాటలు వినిపిస్తాయి.

“కరెంటు వచ్చింది గద తమ్మీ, ఆదాయం సర్టిఫికెట్ తియ్యి.”

“కరెంటు వచ్చింది కాకా, సైటే ఓపెన్ అయితలేదు. సర్వర్ డౌన్ ఉన్నట్టుంది.”

నిజంగా డౌన్ అయి ఉండొచ్చు. కాకపోనూ వచ్చు. అలాంటప్పుడు తెర కింద కుడిమూల తేదీ ఒకసారి చూడాలి. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంప్యూటర్ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లి నిద్రలేస్తుంది. ఆ తేదీకి వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి బ్రౌజర్ లోపలికి పోనివ్వదు. గచ్చిబౌలిలో సర్వర్ నిక్షేపంగా నడుస్తుంటుంది, ఇక్కడ తిట్లు తింటుంటుంది. మార్చడానికి అయ్యే ఖర్చు వంద రూపాయల లోపే.

చరిత్ర కూడా ఉండాలని ఎడిటర్ గారు అన్నారు కాబట్టి గబగబా: సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్స్‌లో ప్లాంటే కనిపెట్టాడు, మీసేవ 2011 నవంబరులో వచ్చింది, ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి, 2020 అక్టోబరులో ధరణి, 2025 ఏప్రిల్‌లో భూభారతి అనే భూరికార్డుల పోర్టళ్లు రావడంతో భూమి కాగితం మొత్తం తెర మీదికెక్కింది. తహసీల్దారు గదిలో బీరువా తాళం కన్నా సర్వర్ ముఖ్యమైంది ఈ పదిహేనేళ్లలోనే.

బ్యాకప్ కొంటే భద్రత వచ్చేసినట్టేననే మాట మీద మొదటి నుంచీ నాకు అనుమానమే. రెండు సంఘటనలు దాన్ని పెంచాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో, ప్రభుత్వ డేటా సెంటర్ యూపీఎస్ లిథియం బ్యాటరీలను వేరే చోటికి మార్చే పనిలో మంటలు లేచాయి. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దదని దానికి బయట నకలు ఉంచలేదు. అంతకు అయిదేళ్ల ముందు, 2020 ఆగస్టు 20 రాత్రి, మన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటల్లో చిక్కి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు. రెండు చోట్లా జరుగుతున్నది బ్యాకప్‌ను బాగుచేసుకునే పనే.

బాక్సు: నేలమీద బ్యాటరీ

బ్యాటరీలు బరువు కాబట్టి కింది అంతస్తులో, నేలమీదే పెడతారు. 2023 జులై 27న ముగిసిన ఒక్క రోజులో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 61 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మోరంచపల్లి జనం మిద్దెలెక్కారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర వరదకు రైలు పట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. ఈ జిల్లాల్లో ఇనుప స్టాండు వేసి బ్యాటరీని నడుమెత్తున పెట్టడం చాదస్తం కాదు. ట్యూబులర్ బ్యాటరీ మూతల మీది సూచికలు ఎర్ర గీత దాకా దిగితే డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు కాదు. జనరేటర్‌ను లోడు లేకుండా అయిదు నిమిషాలు తిప్పి ‘నడుస్తోంది’ అని రిజిస్టర్‌లో రాస్తే అది పరీక్ష కిందికి రాదు.

బాక్సు: కరెంటు ఇంటికే కరెంటు కావాలి

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్ 2010లో, 600 మెగావాట్లది 2016లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. గ్రిడ్ కుప్పకూలితే థర్మల్ కేంద్రం తనంతట తాను లేవలేదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే టర్బైన్ ఆగేదాకా బేరింగులకు నూనె అందాలి, దాన్ని బ్యాటరీతో నడిచే డీసీ పంపు అందిస్తుంది. తిరిగి మొదలవ్వాలంటే ఫ్యాన్లకు, పంపులకు, బొగ్గు మిల్లులకు బయటి నుంచి కరెంటు రావాలి. సొంతంగా లేవగల జలవిద్యుత్ కేంద్రాల నుంచి ముందు దాన్ని తెస్తారు. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైనప్పుడు దక్షిణ గ్రిడ్ విడిగా ఉండి తప్పించుకుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో అదీ దేశ గ్రిడ్‌లో కలిసింది. ఆ రోజు నుంచి ఎక్కడో పడిపోయిన గ్రిడ్ కుదుపు చెల్పూరు దాకా రావచ్చు, ఎక్కడో మిగిలిన కరెంటు కూడా చెల్పూరు దాకా రావచ్చు.