ఆ మాట అన్నది ఎవరు?

బందరు, గుడివాడ, అవనిగడ్డ... ఏ ఊరి బజారైనా సరే. క్రైస్తవ కుటుంబం వాళ్లు కొత్తగా కొట్టు తెరిచారంటే గుమ్మం మీదో, గల్లాపెట్టె వెనక గోడకో ఒక వాక్యం కనిపించడం మామూలే. ‘మొదట్లో చిన్నగా ఉన్నా చివరికి ఎంతో వృద్ధిలోకి వస్తావు’ అని దాని భావం. కింద యోబు 8:7 అని ఉంటుంది. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో పంచే వాగ్దానపు కార్డుల్లోనూ ఎవరో ఒకరికి ఆ వాక్యం వస్తూనే ఉంటుంది. వచ్చినవాళ్ల మొహం వెలిగిపోతుంది. వెలగదూ మరి... అంత చల్లని మాట!

ఇంతకీ ఆ మాట అన్నది ఎవరు? దేవుడు కాదు. ప్రవక్త కూడా కాదు. బిల్దదు అనే పెద్దమనిషి. ఎవరితో అన్నాడు? యోబుతో. యోబుకు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. అందరూ ఒక ఇంట్లో భోజనాలు చేస్తుండగా ఎడారి వైపు నుంచి పెనుగాలి వచ్చి ఇంటి నాలుగు మూలలా కొట్టింది. ఇల్లు కూలి పదిమందీ పోయారు. పలకరించడానికి వచ్చిన ముగ్గురు స్నేహితుల్లో బిల్దదు ఒకడు. బైబిలు తెరిచి ఆ వాక్యానికి సరిగ్గా మూడు వాక్యాల పైన చూడండి. నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, దాని ఫలితమే అనుభవించారు అంటున్నాడాయన, ఆ తండ్రి ముఖం మీదే. నువ్వు మంచివాడివైతే మళ్లీ బాగుపడతావులే అన్న షరతు పెట్టి, ఆ తర్వాత చెప్పిన మాట మన గల్లాపెట్టె మీదిది! పుస్తకం చివర 42వ అధ్యాయంలో దేవుడు ఎలీఫజుతో, నీమీదా నీ స్నేహితులిద్దరిమీదా నాకు కోపం వచ్చింది, మీరు నా గురించి సరిగా మాట్లాడలేదు అంటాడు.

అంటే ఆ కార్డు తీసి పారేయాలా? అక్కర్లేదు. యోబు చివరికి నిజంగానే బాగుపడ్డాడు, బిల్దదు చెప్పిన కారణాన మాత్రం కాదు. పైగా కొరింథు సంఘానికి రాసిన ఉత్తరంలో పౌలు, ఎలీఫజు నోటి మాటనే లేఖనంగా ఎత్తి చూపాడు. కాబట్టి ఆ ముగ్గురూ అన్నదంతా అబద్ధమనీ చెప్పలేం. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చూసుకుని చదవమనడం వరకే. బైబిలు ఒక పుస్తకం కాదు, 66 పుస్తకాల సంపుటం (కేథలిక్కుల బైబిల్లో 73). అందులో పాటలున్నాయి, ఉత్తరాలున్నాయి, చట్టాలున్నాయి, వాదులాటలూ ఉన్నాయి. కార్డుల మీద కనిపించే యిర్మీయా 29:11 కూడా అలాంటి ఒక ఉత్తరంలోదే. బబులోనుకు బందీలుగా పోయినవాళ్లకు రాసింది. మేలు చేస్తానన్న మాటకు ముందు వాక్యంలోనే 70 ఏళ్లు ఆగమని ఉంది. ఆ ఉత్తరం విన్న ముసలివాళ్లు ఆ మేలు కళ్లారా చూసే అవకాశం లేదు.

మన తొలకరి వేరు

ఎవరు, ఎవరితో... ఆ తర్వాత అడగాల్సింది ఎక్కడ అని. బైబిలు తెలుగులోకి వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. మూడు సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి. మనం ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చదువుతుండటంతో కథంతా మన ఊళ్లోనే జరిగినట్టు ఉంటుంది. తిరకాసంతా అక్కడే!

‘గలిలయ సముద్రం’ అనగానే బందరు జాలరి కళ్ల ముందు బంగాళాఖాతం కదులుతుంది. నిజానికది మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. లూకా సువార్త దాన్ని సరస్సు అనే అంటుంది. గుడివాడ వాళ్లు పొరుగునున్న కొల్లేరును తలచుకుంటే కొంత దగ్గరగా ఉంటుంది, లోతు సంగతి వదిలేస్తే. అలాగని ప్రతిచోటా మనవాళ్లే పొరబడతారనుకోవద్దు. వలలో పడ్డ చేపల్ని ఒడ్డుకు లాగి మంచివి బుట్టల్లో వేసుకుని పనికిరానివి పారేసే ఉపమానం అలివి వల లాగినవాడికి అర్థమైనట్టు పండితుడికి అర్థం కాదు.

విత్తేవాడి ఉపమానమూ అంతే. నారుమడి పోసి, వరుసన నాట్లు వేసే దివిసీమ రైతుకు దారి మీదా రాళ్ల మీదా గింజలు పడేసినవాడు వట్టి తెలివితక్కువవాడిలా కనిపిస్తాడు. అడుగున రాయి, పైన పలచటి మట్టి, మధ్యలో కాలిబాటలు ఉన్న చేలల్లో చేత్తో వెదజల్లే సేద్యం అది. మన నల్లరేగడి కాదు.

తొలకరి మాటే తీసుకోండి. తెలుగు బైబిల్లో తొలకరి వాన, కడవరి వాన అని జంటగా వస్తాయి. మనకు తొలకరి అంటే జూన్. పాలస్తీనాలో ఆ తొలివాన పడేది అక్టోబరు, నవంబరుల్లో. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లలో. నవంబరు వాన అక్కడ దీవెన. ఇక్కడ? దివిసీమలో నవంబరులో మబ్బు పడితే పెద్దవాళ్ల గుండెల్లో దడ!

నవంబరు 19

1977 నవంబరు 19, శనివారం. తాటిచెట్లంత ఎత్తున సముద్రం వచ్చిందని చూసినవాళ్లు చెబుతారు. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కే సుమారు 10 వేల మంది అంటుంది. బందరుకు అంతకన్నా పాత గాయం ఉంది. 1841లో ఇక్కడికొచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో బైబిలూ ఇంగ్లిషూ చెప్పే బడి పెట్టాడు. నేటి నోబుల్ కాలేజీకి మూలం అదే. ఆ బడికి 21వ ఏట, 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చింది. దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది.

ఇంత చావు చూశాక ఎవరైనా అడిగేది ఒకటే. ఎవరి పాపం ఇది? ఏ జన్మలో ఏం చేసుకున్నామో అనుకునేవాళ్లు ఒకవైపు. నోవహు జలప్రళయం తీసి, దేవుని కోపమని చెప్పేవాళ్లు ఇంకోవైపు. కానీ అదే బైబిల్లో లూకా 13వ అధ్యాయం ఉంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకన్నా పెద్ద పాపులనుకుంటున్నారా, కాదు అంటాడు యేసు. ఆ వెంటనే మారుమనసు సంగతి ఎత్తుతాడు, అదీ పోయినవాళ్ల గురించి కాదు, ఎదురుగా నిలబడి వింటున్నవాళ్ల గురించి. యోహాను 9లో పుట్టు గుడ్డివాణ్ని చూసి ఇది ఎవరు చేసిన పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదంటాడు.

91వ కీర్తన ఇంకా చిక్కు. పక్కన వెయ్యిమంది కూలినా నీ దగ్గరికి అపాయం రాదు అన్న భరోసా దానిది. ఎన్నో ఇళ్లలో పిల్లలకు కంఠతా పట్టించే కీర్తన. ఉప్పెనలో కొట్టుకుపోయిన గుడిసెల్లో అది నోటికి వచ్చినవాళ్లు లేరంటారా? వాళ్లకు విశ్వాసం చాల్లేదని తీర్పు చెప్పగల ధైర్యం ఎవరికుంది? అసలు ఆ కీర్తనను తాయెత్తులా వాడటం ఎవరు మొదలుపెట్టారో మత్తయి 4వ అధ్యాయం చెబుతుంది. సాతాను! దేవాలయ శిఖరం మీద యేసును నిలబెట్టి, దూకు, నీకేం కాదని రాసి ఉందిగా అంటూ ఈ కీర్తననే అప్పజెప్పాడు. రాసి ఉన్న వాక్యమే, తప్పుడు వాడకం. యేసు ఆ కీర్తన అబద్ధమని అనలేదు. దేవుణ్ని పరీక్షించకూడదనీ రాసి ఉంది అన్నాడు. వాక్యానికి పక్కన మరో వాక్యం పెట్టి చదవడమంటే అదే. కీర్తన భయపడినవాడు దేవుణ్ని పట్టుకుని పాడుకునే పాట. బీమా పత్రంలా చదివితే మొదటి ఉప్పెనకే చిరిగిపోతుంది.

బిల్దదు సంగతికే వద్దాం. పాపం, ఆ ముగ్గురూ నోరు విప్పకముందు ఒక మంచి పని చేశారు. గుర్తుపట్టలేనంతగా మారిపోయిన యోబును దూరం నుంచి చూసి ఏడ్చారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీదే కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ సంగతి రెండో అధ్యాయం చివర ఉంది. దాన్ని మాత్రం ఏ కార్డు మీదా వేయరెందుకో!