ఇంటిలోపల పెంచే మిరపనారులో రుగ్మతలు: కారణనిర్ణయ పద్ధతి

వ్యాససంగ్రహం:

నగరాలలో బాల్కనీలు, మిద్దెతోటలు పెరిగిన కొద్దీ నారును కొనడానికి బదులు ఇంటిలోనే పోసుకునేవారి సంఖ్య పెరుగుతున్నది. తొలిసారి నారు పోసేవారికి ఎదురయ్యే ప్రధానమైన చిక్కు రోగలక్షణాన్ని గుర్తించడం కాదు. ఒకే లక్షణం వెనుక పరస్పర విరుద్ధమైన కారణాలు ఉండడం. నీరు చాలకపోయినా, నీరు ఎక్కువైనా మొక్క వాలిపోతుంది. పోషకం లేకపోయినా, ఉన్న పోషకం అందకపోయినా ఆకు పసుపురంగుకు తిరుగుతుంది. మిరపనారును ఉదాహరణగా తీసుకొని, లక్షణం నుంచి కారణానికి చేరుకునే క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మిరపనారు, నారుకుళ్ళు తెగులు, ప్రోట్రే, కొబ్బరిపొట్టు, పిథియం, ఆకుముడత, మిద్దెతోట.

1. ఉపోద్ఘాతం:

‘నారు పోసినవాడు నీరు పోయడా’ అనే సామెత తెలుగునాట దైవంపై భరోసాకు గుర్తు. ఇంటిలోపల నారు పెంచే సందర్భంలో మాత్రం ఈ మాటను కొంత జాగ్రత్తగా అన్వయించుకోవలసి ఉంటుంది. అక్కడ నారు పోసినవారు నీరు పోయకపోవడం అరుదు. అవసరానికి మించి పోయడమే ఎక్కువ. మొక్క నీరసంగా కనబడగానే నీరు, మరునాడు ఎరువు, ఆ తరువాత ఏదో ఒక మందు ఇవ్వడం తొలిసారి పెంచేవారిలో సాధారణంగా కనబడే క్రమం. రుగ్మత ముదరడానికి చాలా సందర్భాలలో ఈ తొందరే కారణమవుతుంది.

మిరపనారు నాటడానికి సిద్ధం కావడానికి సుమారు 35 నుంచి 40 రోజులు పడుతుంది. మూడవ వారంలో నారు పోతే పోయేది గుప్పెడు విత్తనాలు మాత్రమే కాదు, మూడు వారాల కాలం కూడా. నాటే అదను దాటితే ఆ ఏటి పంటే వెనుకబడుతుంది. కాబట్టి చికిత్స కన్నా ముందు కారణనిర్ణయం అవసరం.

2. నారుమడికి, గదికి మధ్య భేదం:

పొలంలో మిరపనారును సాధారణంగా మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు గల మడులపై పోస్తారు. ఆ ఎత్తు నీరు నిలవకుండా కాపాడుతుంది. అక్కడ ఎండ అన్ని వైపుల నుంచి పడుతుంది. గాలి నిరంతరం కదులుతూ నేల పైపొరను ఆరబెడుతుంది. గదిలో ఈ మూడూ మారిపోతాయి. వెలుతురు ఒక వైపు కిటికీ నుంచే వస్తుంది. గాలి నిలిచిపోతుంది. నీరు ప్రోట్రే గుంతలోనో చిన్న కుండీలోనో చిక్కుకుంటుంది.

లోతు తక్కువైన పాత్రలో నీరు ప్రవర్తించే తీరును ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. అడుగున రంధ్రం ఉన్నప్పటికీ, కారవలసిన నీరంతా కారిన తరువాత కూడా మట్టి అడుగుభాగంలో కొంత మందాన సంతృప్తమైన తడిపొర మిగిలిపోతుంది. ఆ పొర మందం మట్టి స్వభావంపై ఆధారపడుతుంది గాని పాత్ర ఎత్తుపై కాదు. అందువల్ల లోతైన కుండీలో స్వల్పభాగమే తడిగా ఉంటే, అదే మట్టి నింపిన చిన్న గుంతలో వేర్లు పెరిగే చోటులో పెద్ద భాగం తడిగానే ఉంటుంది. అడుగున కుండపెంకులు, గులకరాళ్ళు పరిస్తే ఈ పొర తొలగిపోదు. రాళ్ళ పైకి జరుగుతుంది అంతే. మట్టిలో వర్మిక్యులైటు, పెర్లైటు, ముతక ఇసుక వంటివి కలిపి గాలి ఆడేలా చేయడమే దీనికి మార్గం.

3. మొలక రాకపోవడం:

మిరప విత్తనం 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో బాగా మొలుస్తుంది. అనుకూల స్థితిలో సుమారు 7 నుంచి 10 రోజులలో మొలక పైకి వస్తుంది. చలికాలంలో, ఏ.సి. గదిలో ఇంకా ఆలస్యమవుతుంది. భారతదేశంలో ధ్రువీకరించిన మిరప విత్తనానికి నిర్దేశించిన కనీస మొలకశాతం 60. అంటే ధ్రువీకరించిన విత్తనంలోనైనా పదింటిలో నాలుగు మొలవకపోవడం ప్రమాణానికి లోబడినదే. ఈ సంగతి తెలియనివారు ఖాళీ గుంతలను చూసి తమ తప్పుగా భావించి నీరు పెంచుతారు.

పది పన్నెండు రోజులు దాటినా మొలక కనబడని గుంతలో విత్తనాన్ని మెల్లగా వెలికితీసి చూడాలి. గట్టిగా ఉంటే ఇంకా వేచి ఉండవచ్చు. మెత్తబడి నొక్కగానే చితికితే అది కుళ్ళిపోయినట్లే. మొలకెత్తి పైకి రాలేకపోతే విత్తిన లోతు ఎక్కువై ఉండాలి. అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతు చాలు.

4. నారుకుళ్ళు తెగులు:

తొలిసారి పెంచేవారిని ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. నిన్న నిటారుగా ఉన్న మొలక నేడు నేలకు ఒరిగి ఉంటుంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. నేలను తాకే చోట కాండం నీటిలో నానినట్లు మారి, సన్నబడి, దారంలా కనబడుతుంది.

ఈ తెగులుకు పిథియం, ఫైటోఫ్తొరా, రైజోక్టోనియా, ఫ్యూజేరియం వంటి అనేక సూక్ష్మజీవులు కారణమవుతాయి. వీటిలో పిథియం చాలాకాలంగా అధ్యయనం చేయబడుతున్నది. భారతదేశంలో వృక్షరోగ శాస్త్రానికి పునాది వేసిన ఇ.జె. బట్లర్ 1907లోనే ఈ ప్రజాతిపై ప్రత్యేక గ్రంథం ప్రచురించాడు. పిథియం శిలీంధ్రంలా కనబడినా నిజమైన శిలీంధ్రం కాదు. ఊమైసీట్ల వర్గానికి చెందినది. దీని చరసిద్ధబీజాలు నీటిలో ఈదగలవు. మట్టి రేణువుల మధ్య నీరు నిండి ఉన్నంతసేపు అవి ఒక వేరు నుంచి మరో వేరుకు చేరుకుంటాయి. తెగులు ఒక మూల మొదలై వలయంలా విస్తరించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

వేరును పరిశీలిస్తే కారకం గురించి కొంత ఊహించవచ్చు. పిథియం సోకిన వేరును వేళ్ళ మధ్య పట్టి లాగితే పైపొర ఊడివచ్చి లోపలి సన్నని దారం వంటి భాగం మిగులుతుంది. రైజోక్టోనియా సోకినప్పుడు నేలమట్టం వద్ద కాండంపై గోధుమరంగు నొక్కు కనబడుతుంది. ఆ చోటు కొంత పొడిగా ఉంటుంది.

ఒరిగిన మొక్కకు చికిత్స లేదు. దానిని చుట్టూ ఉన్న మట్టితో సహా తీసివేయాలి. మిగిలినవాటికి పైపొర ఆరేవరకు నీరు ఆపి, గాలి, వెలుతురు పెంచాలి. అవసరమైతే లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపడం వాడుకలో ఉన్న సిఫారసు. నివాసపు గదిలో దీనిని వాడకూడదు; ట్రేలను ఆరుబయటికి తీసుకువెళ్ళి, చేతి తొడుగులు వేసుకొని, పిల్లలకు దూరంగా పోయాలి.

నివారణ ఇంతకన్నా సులభం. పాత ట్రేలను కడిగి, ఒక వంతు గృహోపయోగ బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీరు కలిపి అందులో అరగంట ఉంచి, తిరిగి కడిగి ఆరబెట్టాలి. విత్తనానికి ట్రైకోడెర్మా పట్టించడం మేలు. తోటమట్టినే వాడదలచినవారు ఏప్రిల్, మే నెలల ఎండలో దానిని తడిపి, పారదర్శకమైన పాలిథిన్ కాగితం కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే అందులోని రోగకారకాలు చాలావరకు నశిస్తాయి.

5. వాలిపోవడం: ఒక లక్షణం, రెండు కారణాలు:

మొదలు గట్టిగానే ఉండి ఆకులు వాలిపోతే సమస్య నీటిది. అయితే నీరు తక్కువైందా, ఎక్కువైందా అన్నది ఆకును చూసి చెప్పడం కష్టం. తడిలో మునిగిన వేర్లకు ప్రాణవాయువు అందదు. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. చుట్టూ నీరున్నా మొక్క దప్పికతోనే వాలిపోతుంది. దానికి మరింత నీరు పోయడం ఆ మొక్కకు జరిగే చివరి ఉపచారం కావచ్చు.

నిర్ణయానికి మూడు పరీక్షలు చాలు. మొదటిది బరువు: పూర్తిగా తడిపిన ట్రేను, ఆరిన ట్రేను ఒకసారి చేతితో ఎత్తి చూసుకుంటే ఆపై నీటి అవసరాన్ని చేయే చెబుతుంది. రెండవది వేలు: పైపొర పొడిగా ఉన్నా కింద తడి ఉండవచ్చు కాబట్టి అర అంగుళం లోతున తాకి చూడాలి. మూడవది వేరు: ఒక గుంతలోని మొక్కను మట్టితో సహా బయటికి తీస్తే తెల్లని వేర్లు ఆరోగ్యాన్ని, గోధుమరంగుకు తిరిగి మెత్తబడి దుర్వాసన వేసే వేర్లు కుళ్ళును సూచిస్తాయి. ఒక్క మొక్కను ఇలా పరిశీలించడం మిగిలిన ట్రేను కాపాడుతుంది.

ఎల్లప్పుడూ తడిగా ఉండే ట్రేలపై సన్నని నల్లని ఈగలు ఎగురుతుంటాయి. వీటిని ఫంగస్ గ్నాట్లు అంటారు. ఇవి తడిమట్టిలో గుడ్లు పెడతాయి; పిల్లపురుగులు లేతవేర్లను కొరుకుతాయి. పసుపురంగు జిగురు అట్టలు పెద్ద ఈగలను పట్టుకుంటాయి. పైపొరను ఆరనివ్వడమే అసలైన నివారణ.

6. సన్నగా సాగిపోవడం:

మొలక పొడవుగా, పాలిపోయి, కిటికీ వైపు వంగి ఉంటే అది రోగం కాదు, వెలుతురు కొరత. చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1880లో ప్రచురించిన గ్రంథంలో మొలక కొన వెలుతురును గ్రహిస్తుందని, వంపు మాత్రం దాని కింది భాగంలో ఏర్పడుతుందని ప్రయోగాలతో చూపారు. నీడవైపు కణాలు ఎక్కువగా సాగడం వల్ల ఈ వంపు వస్తుందని తరువాతి పరిశోధనలు వివరించాయి.

మొలక పైకి రాగానే దానిని వెలుతురులోకి మార్చాలి. కృత్రిమ దీపాల కింద పెంచేవారు రోజుకు 14 నుంచి 16 గంటలు వెలుతురు ఇవ్వవచ్చు. దీపం దూరమైన కొద్దీ మొక్కకు అందే కాంతి త్వరగా తగ్గిపోతుంది కాబట్టి మొక్క సాగుతుంటే దీపాన్ని దగ్గరికి, ఆకులు తెల్లబారి ఎండుతుంటే దూరానికి జరపాలి. సాగిన టమాటా నారును కాండం కొంత లోపలికి పోయేలా నాటితే ఆ భాగం నుంచి కొత్త వేర్లు పుడతాయి. మిరపలో ఈ శక్తి చాలా తక్కువ. లోతుగా నాటితే మొదలు కుళ్ళే ప్రమాదం ఉంది. ఎరువు వేస్తే సాగిన కాండం బలపడదు, మరింత సాగుతుంది.

7. రంగు మారడం:

ఇక్కడ అడగవలసిన ప్రశ్న ‘ఏ రంగు’ అన్నది మాత్రమే కాదు, ‘ఏ ఆకు’ అన్నది కూడా. నత్రజని, మెగ్నీషియం మొక్కలో ఒకచోటి నుంచి మరొకచోటికి కదలగలవు. అవి చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల నుంచి తీసి లేత ఆకులకు పంపుతుంది. కాబట్టి కింది ఆకులు ముందుగా పసుపుబారుతాయి. ఇనుము అలా కదలదు. దాని లోపం చివరి ఆకులలో, ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపుబారడంగా కనబడుతుంది. క్షారగుణం గల బోరునీరు ఎక్కువకాలం పోసినప్పుడు మట్టి ఉదజని సూచిక పెరిగి, ఇనుము ఉన్నా వేరుకు అందదు. అటువంటి చోట వర్షపునీరు వాడడం సులభమైన మార్గం.

కొబ్బరిపొట్టు వాడేవారు మరొక విషయం గమనించాలి. సరిగా కడగని పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు అధికంగా ఉంటాయి; అది కాల్షియం, మెగ్నీషియంలను తనలో పట్టి ఉంచుతుంది కూడా. ఆకుల అంచులు మాడడం ఈ లవణాల వల్ల కావచ్చు. వాడకముందు పొట్టును మంచినీటిలో రెండు మూడుసార్లు నానబెట్టి పిండాలి.

బీజదళాలు రాలడం అన్నివేళలా రోగం కాదు. నిజపత్రాలు అనేకం వచ్చాక అవి పండి రాలడం సహజం. విత్తనంలోని నిల్వ తొలి నిజపత్రాల వరకు సరిపోతుంది. అప్పటివరకు ఎరువు అవసరం లేదు. ఆ తరువాత 19:19:19 ఎరువును లీటరు నీటికి అర గ్రాము కలిపితే 95 మిల్లీగ్రాముల నత్రజని లభిస్తుంది. లేత నారుకు అది చాలు.

8. ఆకుముడత:

తెలుగు రైతులు ముడత దిశను బట్టే శత్రువును గుర్తిస్తారు. ఆకు అంచులు పైకి ముడుచుకొని దోనెలా మారితే ‘పై ముడత’; దానికి తామరపురుగులు కారణం. అంచులు కిందికి ముడుచుకొని తిరగేసిన దోనెలా మారి, కాడ సాగితే ‘కింది ముడత’. దానికి నల్లి కారణం. మొక్కను తెల్లకాగితంపై తట్టి భూతద్దంతో చూస్తే తామరపురుగులు కదలుతూ కనబడతాయి. పురుగు ఏదీ లేకుండా మధ్యాహ్నం మాత్రమే ఆకు ముడుచుకుంటే అది వేడి వల్ల కావచ్చు. ఈ తేడా తెలియకుండా నల్లికి తామరపురుగు మందు కొట్టడం వల్ల ప్రయోజనం ఉండకపోవచ్చు.

9. పరిశీలనా క్రమం:

పై చర్చను బట్టి పరిశీలన కింది నుంచి పైకి సాగాలి. మొదట పాత్ర బరువు, తడి, తరువాత వేరు, ఆపై కాండపు మొదలు, అనంతరం కాండం పొడవు, వంపు, చివరకు ఆకు. చూపు సహజంగా ఆకుపైనే ముందు పడుతుంది. కారణం మాత్రం తరచుగా ఆకుకు దూరంగా ఉంటుంది. ఒకసారికి ఒకే మార్పు చేసి, రెండు మూడు రోజులు వేచిచూడాలి. నీరు, ఎరువు, మందు ఒకేరోజు మారిస్తే మొక్క కోలుకున్నా ఎందువల్ల కోలుకున్నదో తెలియదు. పాడైన ఆకు తిరిగి పచ్చబడకపోవచ్చు. కొత్తగా వచ్చే ఆకే చికిత్స ఫలితాన్ని తెలుపుతుంది. నారుకుళ్ళు మాత్రం ఈ నిరీక్షణకు మినహాయింపు. ఒరిగిన మొక్కను చూసిన రోజే తీసివేయాలి.

10. ముగింపు:

1. ఇంటిలోపలి మిరపనారులో కనబడే అనేక రుగ్మతలకు మూలం అధికమైన తడి, చాలని వెలుతురు, కదలని గాలి.
2. వాలిన మొక్కకు నీరు పోయడానికి ముందు పాత్ర బరువును, వేరును పరిశీలించడం తప్పనిసరి.
3. నారుకుళ్ళు సోకిన మొక్కను కాపాడలేము, పక్కమొక్కలను కాపాడగలం.
4. రంగు మార్పు ఏ ఆకుతో మొదలైందో, ముడత ఏ దిశలో ఉందో గమనిస్తే కారణానికి దారి దొరుకుతుంది.
5. నాటడానికి వారం ముందు నుంచి నారును క్రమంగా ఎండకు, గాలికి అలవాటు చేస్తే గదిలో పెరిగిన మొక్క ఆరుబయట నిలదొక్కుకుంటుంది.

నారు పెంపకంలో శ్రద్ధ అంటే తరచుగా ఏదో ఒకటి చేయడం కాదు. అవసరం తెలిసేవరకు చేతిని ఆపి చూడగలగడం కూడా శ్రద్ధే. తొలి ప్రయత్నంలో కొన్ని మొక్కలు పోవడం సహజం. పోయిన మొక్క వేరును ఒకసారి చూసినవారికి మలి ప్రయత్నంలో ఆ నష్టం తగ్గుతుంది.