ఎగరడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు

దీపావళి రాత్రి ఎగిరిన తారాజువ్వ ఎక్కడ పడిందో ఎవరూ వెతకరు. నమూనా రాకెట్ సంగతి అలా కాదు. అట్ట గొట్టంతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో వారాల తరబడి శ్రమించి చేసిన రాకెట్ మళ్లీ చేతికి రావాలి, మళ్లీ ఎగరాలి. పైగా కిలో, రెండు కిలోల బరువున్న గొట్టం వందల మీటర్ల ఎత్తు నుంచి ముక్కు కిందికి పెట్టి బాణంలా దూసుకువస్తే కింద ఉన్నవారి ప్రాణాలకే ముప్పు. అందుకే దాని కడుపులో పారాచూట్ ఉంటుంది. ఆ పారాచూట్‌ను ఏ క్షణంలో బయటకు నెట్టాలో నిర్ణయించే చిన్న ఎలక్ట్రానిక్ పరికరమే ఆల్టిమీటర్, అంటే ఎత్తు కొలిచే సాధనం.

ఖరగ్‌పూర్ వంటి ఊళ్లో ఆ నిర్ణయానికి ప్రాధాన్యం మరీ ఎక్కువ. రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన పట్టణమిది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ఆరంభమైన తొలి ఐఐటీ ఇక్కడే ఉంది. రాకెట్ల మీద ఆసక్తి గల విద్యార్థులకు కొదవ లేదు. అయితే ఊరి నడుమ విశాలమైన రైల్వే యార్డు, పట్టాల మీద 25 వేల వోల్టుల విద్యుత్ తీగలు, పొరుగునే కలైకుండా వైమానిక స్థావరం ఉన్నాయి. ఇలాంటి చోట గాలికి కొట్టుకుపోయిన పారాచూట్ ఎక్కడికి చేరుతుందన్నది చిన్న విషయం కాదు.

చిన్న రాకెట్లలో ఆల్టిమీటర్ ఉండదు. మోటారులోనే నెమ్మదిగా కాలే పొర ఒకటి ఉంటుంది. అది కాలి పూర్తయ్యాక చిన్న పేలుడుతో పారాచూట్ బయటపడుతుంది. ఎస్టెస్ సంస్థ మోటారుపై ‘సి6-5’ అని ఉంటే, చివరి అంకె 5 సెకన్ల ఆలస్యాన్ని సూచిస్తుంది. ఆ అంకె కర్మాగారంలో నిర్ణయమైపోయినది. రాకెట్ బరువు కాస్త పెరిగినా, గాలికి వాలుగా ఎగిరినా ఆ లెక్క తప్పుతుంది. రాకెట్ ఇంకా వేగంగా పోతుండగా పారాచూట్ విచ్చుకుంటే తాళ్లు తెగుతాయి, లేదా తాడు గొట్టాన్ని నిలువునా చీల్చుతుంది. మోటారుకు కాలం మాత్రమే తెలుసు. తాను ఎంత ఎత్తున ఉన్నదీ తెలియదు.

ఆల్టిమీటర్‌కు ఆ ఎత్తు గాలి ద్వారా తెలుస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. సముద్రమట్టం దరిదాపుల్లో సుమారు 8 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున, 300 మీటర్లు ఎగిరితే దాదాపు 35 హెక్టోపాస్కల్‌లు తగ్గుతుంది. ఈ సూత్రం పాతదే. 1648 సెప్టెంబరు 19న ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ కోరిక మేరకు ఆయన బావ ఫ్లోరాఁ పెరియే పాదరస నాళాన్ని ప్యూయి ద డోమ్ కొండ మీదికి మోసుకెళ్లారు. శిఖరాన పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు దిగింది. ఆయన పాటించిన జాగ్రత్త ఒకటి ఈ వ్యాసానికి మరీ ముఖ్యం. మరో నాళాన్ని కొండ దిగువన మఠంలో ఉంచి, రోజంతా దాన్ని గమనించే పనిని ఒక సన్యాసికి అప్పగించారు. కింద మార్పు లేదని తెలిస్తేనే కదా, పైన కనబడిన మార్పు ఎత్తు వల్ల వచ్చిందని చెప్పగలిగేది!

నేటి ఆల్టిమీటర్ చేసేదీ ఇదే. రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాసి ఉంటుంది. ఆ అంకెతో దీనికి పని లేదు. ప్రయోగ వేదిక మీద నిలబెట్టినప్పటి పీడనాన్ని సున్నాగా గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి తేడాను మాత్రమే లెక్కిస్తుంది. విరివిగా వాడే బీఎంపీ280 అనే పీడన గ్రాహకం ఇలాంటి తేడాలను సుమారు ఒక మీటరు అటూ ఇటూగా పట్టుకోగలదు. పీడనం తగ్గడం ఆగి, పెరగడం మొదలైతే శిఖరం దాటినట్లే. గుర్తించడంలో అర సెకను ఆలస్యమైనా బాధ లేదు. శిఖరం నుంచి ఆ అర సెకనులో రాకెట్ పడేది 1.2 మీటర్లే.

ఇక గాలి సంగతి. 600 మీటర్ల ఎత్తున పెద్ద పారాచూట్ విచ్చుకుని, సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగితే నేల చేరడానికి 120 సెకన్లు పడుతుంది. సెకనుకు 6 మీటర్ల గాలి వీస్తుంటే ఈలోగా 720 మీటర్లు కొట్టుకుపోతుంది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందిన 1,072 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారంలో ఇది మూడింట రెండు వంతులు. దీనికి విరుగుడు రెండు అంచెల్లో దించడం. శిఖరాన చిన్న పారాచూట్ మాత్రమే విప్పి సెకనుకు 20 మీటర్ల వేగంతో 150 మీటర్ల దాకా పడనిచ్చి, అప్పుడు పెద్దదాన్ని విప్పితే మొత్తం 52 సెకన్లే పడుతుంది, కొట్టుకుపోయేది దాదాపు 315 మీటర్లే. కాలం మాత్రమే తెలిసిన మోటారు ఈ పని చేయలేదు.

ప్రారంభ స్థాయి పరికరాల్లో పర్ఫెక్ట్‌ఫ్లైట్ సంస్థ స్ట్రాటోలాగర్ సీఎఫ్, ఆల్టస్ మెట్రమ్ వారి ఈజీమినీ సిద్ధంగా దొరికేవి. ఎగ్‌టైమర్ క్వార్క్ విడిభాగాలుగా వస్తుంది. టంకం మనమే వేసుకోవాలి. మొదటిసారి ప్రయత్నించేవారికి మాత్రం జాలీ లాజిక్ వారి చ్యూట్ రిలీజ్ మేలనిపిస్తుంది. ఇది మడిచిన పారాచూట్‌ను రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచి, నిర్ణయించిన ఎత్తుకు దిగాక వదిలేస్తుంది. గొట్టంలోంచి నెట్టే పని మోటారుదే కనుక అదనంగా పేలుడు మందు అక్కరలేదు.

పరికరం ఖరీదు కన్నా దాన్ని అమర్చే తీరే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. బయటి పీడనం లోపలికి చేరడానికి గొట్టానికి చిన్న రంధ్రాలు ఉండాలి. చుట్టూ సమదూరంలో మూడో నాలుగో వేస్తే ఒక పక్క గాలి వీచినా సగటు సరిగా వస్తుంది. ముక్కుకు మరీ దగ్గరగా వేస్తే అక్కడి అల్లకల్లోలమైన గాలి తప్పుడు పీడనాన్ని చూపుతుంది. ఆల్టిమీటర్ గదిలోకి పేలుడు వాయువు చొరబడకూడదు. చొరబడితే పీడనం పెరిగి, రాకెట్ ఒక్కసారిగా కిందికి పడిందని పరికరం భ్రమపడుతుంది. కొన్ని గ్రాహకాలకు ఎండ తగిలినా కొలత చెదురుతుంది. వదులైన బ్యాటరీ తీగ అన్నిటికన్నా ప్రమాదకరం: ఎగిరే కుదుపుకు క్షణకాలం ఊడినా చాలు. అందుకే వేదిక మీద పరికరం చేసే ‘బీప్’ శబ్దాలను వినకుండా ఎవరూ వెనక్కి రాకూడదు. మండించే తీగ సక్రమంగా కలిసి ఉన్నదని అది చెప్పే మాట అదే.

వైశాఖంలో బెంగాల్‌ను కుదిపే కాల్‌బైశాఖి గాలివానకు ముందూ వెనుకా నేల మీది పీడనమే మారిపోతుంది. ఒక్క హెక్టోపాస్కల్ మారితే లెక్కలో 8 మీటర్ల తేడా. ఆ గాలిలో ఎగరేయకపోవడమే అసలైన జాగ్రత్త అనుకోండి.

పారాచూట్‌ను నెట్టడానికి వాడే తుపాకి మందు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల పరిధిలోకి వస్తుంది. ఇంట్లో కలుపుకునే వస్తువు కాదు. విద్యాసంస్థ పర్యవేక్షణలో, అనుమతులతోనే ఆ పని జరగాలి. విమానాశ్రయం, వైమానిక స్థావరం సమీపంలో ప్రయోగించాలనే ఆలోచనే వద్దు. క్రమబద్ధమైన వేదికలు దేశంలో ఇప్పుడిప్పుడే ఏర్పడుతున్నాయి. ఇన్‌స్పేస్ ఆధ్వర్యంలో 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో విద్యార్థుల నమూనా రాకెట్ పోటీలు జరిగాయి. అక్కడి లక్ష్యం సుమారు ఒక కిలోమీటరు ఎత్తు.

నేల చేరాక కూడా ఆల్టిమీటర్ మోగుతూనే ఉంటుంది, తాను తాకిన గరిష్ఠ ఎత్తును బీప్‌లలో చెబుతూ. గడ్డిలో పడిన రాకెట్ చాలాసార్లు ఆ శబ్దంతోనే దొరుకుతుంది. ఆ శబ్దం రైల్వే తీగల మీది నుంచి వినబడితే మాత్రం కర్రతో లాగే ప్రయత్నం చేయకూడదు, దగ్గరికైనా పోకూడదు. స్టేషన్ సిబ్బందికో, 139 నంబరుకో తెలియజేసి దూరంగా ఉండాలి.