తల్లులు తగ్గిన దేశం

బల్గేరియా ఊళ్లలో ఇంటి తలుపుల మీద, చెట్లకు, బస్టాపుల్లో చిన్న చిన్న కాగితాలు అంటించి ఉంటాయి. ఒక ఫొటో, పేరు, వయసు, నాలుగు ముక్కల జ్ఞాపకం. నెక్రోలోగ్ అంటారు. మనిషి పోయినప్పుడు ఒకటి, నలభై రోజులకు ఒకటి, ఏడాదికి మరొకటి అంటిస్తారు కాబట్టి, ఊళ్లో జనం పలచబడుతున్న కొద్దీ గోడల మీద ముఖాలు పెరుగుతుంటాయి. 1980ల చివర్లో 90 లక్షలకు చేరువైన ఈ దేశ జనాభా, 2021 లెక్కల్లో 65 లక్షలకు దిగింది. యుద్ధమూ రాలేదు, కరువూ రాలేదు. ఇలాంటి అంకె చూడగానే ఈ కాలం ఆడపిల్లలు కాన్పులు వద్దనుకుంటున్నారని తీర్పు చెప్పేస్తాం. ఇక్కడ ఆ తీర్పు నిలవదు.

2023లో ఐరోపా సమాఖ్య మొత్తంలో సంతాన రేటు ఎక్కువున్నది బల్గేరియాలోనే: స్త్రీకి సగటున 1.81. ఇటలీలో అది 1.2 దగ్గరే. అయినా ఆ ఏడాది బల్గేరియాలో పుట్టినవాళ్లు సుమారు 57 వేలు, పోయినవాళ్లు లక్షకు పైమాటే. రేటు ఒక్కో స్త్రీకి సగటున ఎందరు పిల్లలో చెబుతుంది. కనే వయసు స్త్రీలు ఎందరు మిగిలారో చెప్పదు. 1989 వేసవిలో, పేర్లు మార్చుకోమని కమ్యూనిస్టు ప్రభుత్వం పెట్టిన బాధలు పడలేక 3 లక్షలకు పైగా అక్కడి టర్కులు సరిహద్దు దాటారు. కొందరు తర్వాత తిరిగొచ్చారు. ఆపైన ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 2007లో సమాఖ్యలో చేరాక జర్మనీ, స్పెయిన్‌ల దారి ఇంకా సులువైంది. ఆ దారి పట్టిందీ ఎక్కువగా పడుచువాళ్లే. వాళ్ల పిల్లలు చాలామంది అక్కడే పుట్టారు.

1997లో రేటు 1.1కి పడిపోలేదా అని అడగొచ్చు. పడిపోయింది. బ్యాంకులు కూలి, నెల తిరక్కుండానే జీతం చిత్తుకాగితమైన రోజులవి. ఎవరికైనా పిల్లల్ని కనే ధైర్యం ఎక్కడిది? తర్వాత రేటు కోలుకుంది గానీ, అప్పుడు పుట్టని ఆడపిల్లలే ఇప్పుడు లెక్కలో లేని తల్లులు. మైనారిటీలు పెరిగిపోతున్నారన్న ఇంకో వాదన అక్కడి ఎన్నికల సభల్లో బాగా చెల్లుతుంది. జనాభా లెక్కలు మాత్రం అలా చెప్పవు: 2011లో 8.8 శాతమున్న టర్కులు 2021లో 8.4కు, రోమా (జిప్సీ) జాతివాళ్లు 4.9 నుంచి 4.4కు తగ్గారు. రోమాల్లో చాలామంది తమ జాతి పేరు చెప్పరు కాబట్టి అసలు సంఖ్య ఎక్కువే ఉండొచ్చు. ఆ మాట 2011 లెక్కకూ వర్తిస్తుంది. ఇక 2023లో జననాలకూ మరణాలకూ మధ్య తేడా 40 వేలు దాటినా, జనాభా తగ్గింది సుమారు రెండు వేలే. మిగతా లోటు పూడ్చినవాళ్లు ఇల్లు చేరిన బల్గేరియన్లు, టర్కీ, ఉక్రెయిన్‌ల నుంచి వచ్చినవాళ్లు.