బరువు ఆపరేషన్‌కు అర్హత కాటా ఒక్కటే తేల్చదు

బరువు తగ్గే ఆపరేషన్ గురించి చిత్తూరు వైపు వినబడే మాటల్లో నాకు అన్నిటికన్నా భయం పుట్టించేది ఇది: “ఇంకో అయిదు కేజీలు పెరిగితే ఇన్సూరెన్స్ ఇస్తారంట. అందుకే తింటా ఉండా.” ఈ మాట ఊరికే పుట్టలేదు. దీని వెనక రెండు వేర్వేరు లెక్కలున్నాయి. ఒకటి డాక్టర్లది, ఇంకోటి ఇన్సూరెన్స్ కంపెనీలది. జనం ఆ రెండిటినీ కలిపేసుకున్నారు.

డాక్టర్ల లెక్కకు మూలం బీఎంఐ. కేజీల్లో బరువును, మీటర్లలో కొలిచిన ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె అది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సభ 1991లో ఒక గీత గీసింది. బీఎంఐ 40 దాటినవాళ్ళకు, లేదా 35 దాటి షుగర్ లాంటి పెద్ద జబ్బులున్నవాళ్ళకు ఆపరేషన్ చేయొచ్చంది. ముప్పై ఏళ్ళపాటు చాలా దేశాలు ఆ గీతనే పట్టుకున్నాయి. 2022లో బరువు ఆపరేషన్లు చేసే సర్జన్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సంఘం కలిసి దాన్ని కిందికి దించాయి. 35 దాటితే జబ్బులున్నా లేకున్నా సిఫారసు చేయొచ్చు, 30 దాటి షుగర్ ఉన్నా ఆలోచించొచ్చు అన్నాయి. ఆసియా వాళ్ళకైతే 27.5 నుంచే లెక్కలోకి తీసుకోమన్నాయి. మనకు కొవ్వు నడుము చుట్టూ, పొట్టలో అవయవాల చుట్టూ పేరుకుంటుంది, తక్కువ బరువుకే షుగర్ పట్టుకుంటుంది. అందుకే ఆ తేడా.

160 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 27.5 అంటే సుమారు 70 కేజీలు, 35 అంటే 90 కేజీలు. కాబట్టి “వంద దాటితేనే చేస్తారు” అన్న మాటకు ఆధారం లేదు. అట్లాగని 70 కేజీలున్న వాళ్ళంతా ఆపరేషన్ బల్ల ఎక్కాలని కాదు. తిండి మార్చి, నడిచి, మందులు వాడినా బరువో షుగరో లొంగనప్పుడు మాత్రమే ఈ దారి.

ఇన్సూరెన్స్ గీత ఇంతగా దిగలేదు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన నిబంధన ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండాలి, డాక్టరు సలహా ఉండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపు తప్పిన టైప్ 2 షుగర్ లాంటిది ఏదైనా ఉండాలి. మామూలు పద్ధతుల్లో బరువు తగ్గలేదని కూడా చూపాలి. అంటే బీఎంఐ 33 ఉండి షుగర్ ముదిరిన మనిషికి వైద్యం దృష్టిలో అర్హత ఉంటుంది, పాలసీ దృష్టిలో ఉండదు. ఈ సందులో ఇరుక్కున్నవాళ్ళే తిని బరువు పెంచుకోవాలనుకుంటారు. ఇది అన్యాయమే, కాదనను. కానీ ఆ అయిదు కేజీలు పోయి చేరేది ఎక్కడో తెలిస్తే ఎవరూ ఆ పని చేయరు.

“తర్వాత ఎట్లాగూ తినలేవు, ఇప్పుడే తినేసెయ్ సామీ”

ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే ఇంటింటా విందు మొదలవుతుంది. అత్తగారింట్లో సంగటి, నాటుకోడి పులుసు. అక్క ఇంట్లో బిర్యానీ. ప్రేమతోనే పెడతారు. కానీ ఆ తిండి కొవ్వుగా పోయి చేరే చోట్లలో లివర్ ఒకటి.

లివర్ ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీదుగా పరుచుకుని ఉంటుంది. లాపరోస్కోపీలో సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుంటే గానీ కింద పని చేయలేడు. బరువు ఎక్కువున్నవాళ్ళలో చాలామందికి ఆ లివర్ కొవ్వు పట్టి ఉబ్బి, ఎత్తితే చిట్లేంత మెత్తగా ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు రెండు వారాలపాటు పిండి పదార్థాలు, కొవ్వు బాగా తగ్గించి, ప్రోటీన్ ఎక్కువగా ఉండే తిండి పెడతారు. రోజుకు ఎనిమిది వందల నుంచి వెయ్యి కేలరీలు. లివర్‌లో దాచుకున్న గ్లైకోజెన్, దాన్ని పట్టుకుని ఉన్న నీరు ముందు కరుగుతాయి, తర్వాత కొవ్వు. ఆ రెండు వారాల్లోనే లివర్ కుదించుకుపోయి సర్జన్‌కు చోటు దొరుకుతుంది. విందులు తిని వచ్చిన మనిషి విషయంలో ఆపరేషన్ కష్టమవుతుంది, ఒక్కోసారి వాయిదా కూడా పడుతుంది.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. పెరటాసి శనివారాల్లో ఒక్కపొద్దు ఉండే అలవాటున్నవాళ్ళు “రెండు వారాలు కడుపు మాడ్చుకోవడం మాకు కొత్తా?” అంటారు. ఇది ఉపవాసం కాదు. ప్రోటీన్ అందకపోతే కండ కరిగి పుండు మానడం ఆలస్యమవుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు మోతాదు తగ్గించకుండా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. సంగటి విషయమూ చెప్పేస్తాను. రాగి మంచిదే, కానీ నూరు గ్రాముల రాగిపిండిలో 320 కేలరీలుంటాయి. బియ్యంలో 350 చిల్లర. పైగా మన సంగటిలో నూకలు ఎట్లాగూ పడతాయి. ముద్ద సైజు తగ్గకపోతే బియ్యం మానినా లాభం లేదు. ఆ రెండు వారాలకు పెరుగు, మజ్జిగ, గుడ్డు తెల్లసొన, పప్పుకట్టు, డైటీషియన్ రాసిచ్చిన ప్రోటీన్ పొడి నయం.

“కొవ్వు పీల్చేసే ఆపరేషనే కదా, హీరోయిన్ పోయింది దాంతోనే”

2015 జూన్‌లో సినిమా హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలొచ్చాయి. అప్పటినుంచి చాలామంది లైపోసక్షన్‌నూ బరువు ఆపరేషన్‌నూ ఒకే గాటన కట్టేశారు. లైపోసక్షన్‌లో చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగుతారు. అది ఒంటి ఆకారం కోసం, ఊబకాయానికి వైద్యం కాదు. బరువు ఆపరేషన్‌లో కొవ్వును తాకనే తాకరు. స్లీవ్ అనే రకంలో జీర్ణాశయాన్ని ముప్పాతిక దాకా కోసి తీసేస్తారు. బైపాస్ అనే రకంలో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి, దాన్ని పేగుకు నేరుగా కలుపుతారు. ఆకలి హార్మోన్లు మారతాయి. అందుకే షుగర్ ఒక్కోసారి బరువు తగ్గకముందే దిగుతుంది.

“ఇన్ని టెస్టులు డబ్బు కోసమే”

కొన్నిచోట్ల అనవసరపు పరీక్షలు రాయడం అబద్ధం కాదు. కానీ ఇక్కడ రాసే వాటిలో చాలావాటికి కారణముంది. ఎండోస్కోపీనే తీసుకోండి. బైపాస్ తర్వాత పక్కకు తప్పించిన జీర్ణాశయంలోకి మామూలు ఎండోస్కోప్ మళ్ళీ పోలేదు. లోపల పుండో, హెచ్.పైలోరి క్రిమో ఉంటే ముందే పట్టుకోవాలి. గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్ళకు స్లీవ్ చేస్తే అది ఇంకా ఎక్కువ కావచ్చు, అప్పుడు బైపాస్ మేలు. గురకపెట్టే మనిషికి స్లీప్ స్టడీ చేయకుండా మత్తు ఇవ్వడం ప్రమాదం. బి12, డి విటమిన్, ఐరన్ ముందే తక్కువుంటే ఆపరేషన్ తర్వాత ఇంకా పడిపోతాయి. థైరాయిడ్ పరీక్ష అవసరమే, కానీ “నా లావంతా థైరాయిడే” అన్న మాట మాత్రం నిలవదు. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగేది మామూలుగా కొద్ది కేజీలే, అందులోనూ చాలావరకు ఉప్పూ నీరే.

మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే “నేనేమన్నా పిచ్చోడినా?” అని లేచి వచ్చేసేవాళ్ళున్నారు. ఆ డాక్టరు చూసేది దుఃఖంలో తిండి మీద పడే అలవాటుందా, తాగుడుందా, జీవితాంతం విటమిన్ మాత్రలు వేసుకోవాలన్న సంగతి మనసుకెక్కిందా అని. తాగుడు గురించి అడగడానికి గట్టి కారణముంది. ఆపరేషన్ తర్వాత మందు రక్తంలోకి తొందరగా ఎక్కుతుంది, అంతకుముందు లేని వ్యసనం కూడా పట్టుకోవచ్చు. సిగరెట్ కనీసం ఆరు వారాల ముందు మానాలి.

మందుల చీటీ దాచిపెట్టొద్దు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలను మూడు రోజుల ముందే ఆపిస్తారు. బరువు తగ్గడానికి ఇంజెక్షన్లు వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. వాటివల్ల జీర్ణాశయం నిదానంగా ఖాళీ అవుతుంది, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

“పెళ్ళికాని పిల్లకు చేయిస్తే పిల్లలు పుట్టరు”

జరిగేది దీనికి తలకిందులు. బరువు తగ్గాక పీసీఓడీ ఉన్న అమ్మాయిల్లో చాలామందికి నెలసరి సర్దుకుంటుంది, గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. చిక్కంతా అది తొందరగా రావడంతోనే. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటారు, బిడ్డకు పోషకాలు చాలవు కాబట్టి. బైపాస్ అయినవాళ్ళు గర్భనిరోధక మాత్రల మీదే ఆధారపడకూడదు. పెళ్ళిచూపుల కోసం ఆపరేషన్ తేదీ పెట్టుకునే ఇళ్ళలో ఈ సంగతి అబ్బాయి వాళ్ళకు కూడా చెప్పాలి. చెప్పరనుకోండి, అది వేరే కథ.

“చెన్నై పోయి చేయించుకుని వచ్చేస్తే అయిపాయ”

చిత్తూరు వాళ్ళకు వేలూరు దగ్గర, తిరుపతి వాళ్ళకు చెన్నై. ఎక్కడ చేయించుకున్నా, కుట్టు లీక్ అయితే అది ఎక్కువగా మొదటి కొద్ది వారాల్లోనే తెలుస్తుంది. అప్పటికి మనిషి ఇంట్లో ఉంటాడు. జ్వరం, గుండెదడ, తగ్గని కడుపునొప్పి వస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో అడ్వాన్స్ కట్టకముందే అడిగి రాసుకోవాలి. తర్వాతి రక్తపరీక్షలకు ప్రతిసారీ అంత దూరం పోనక్కర లేదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. మీ షుగర్ డాక్టరుకైనా డిశ్చార్జి కాగితం నకలు ఇచ్చి పెట్టండి. బైపాస్ అయిన సంగతి వీధి చివర మెడికల్ షాపు అతనికీ తెలిసుండాలి. లేకపోతే మోకాలి నొప్పి అనగానే డైక్లోఫెనాక్ చేతిలో పెడతాడు, కొత్తగా చేసిన కుట్టు దగ్గర పుండు పడడానికి అలాంటి మాత్రలు చాలు.