మనుషులే పుస్తకాలైన గ్రంథాలయం

మన బిడ్డలు చాలామంది చదువులకూ ఉద్యోగాలకూ పట్టణం చేరారు. మూడో అంతస్తులో అద్దెకుంటారు. ఎదుటి వాటాలో ఉన్నవారి పేరేమిటని అడిగితే చెప్పలేరు. కోడి తప్పిపోతే పదిళ్లకు తెలిసిపోయే ఊళ్లో పెరిగిన మనకు ఇది వింతగానే ఉంటుంది. కాని తప్పంతా బిడ్డలది కాదు. పట్టణంలో మనిషిని చూడగానే అతని వేషం, భాష, ఉద్యోగం కనబడతాయి. అతని కథ కనబడదు. ఎవరైనా అడిగితేనే అది బయటికి వస్తుంది.

అలా అడిగించే ఉపాయం ఒకటి డెన్మార్కు దేశంలో పుట్టింది. కోపెన్‌హేగెన్ నగరంలో తమ స్నేహితుడొకరు కత్తిపోటుకు గురైతే, 1993లో కొందరు యువకులు హింసను ఆపడానికి ఒక సంఘం పెట్టారు. ఆ పనిలో ఉన్న రోనీ అబెర్గెల్, ఆయన సోదరుడు, మరి ఇద్దరు మిత్రులు కలిసి 2000లో రోస్కిల్డే సంగీతోత్సవంలో ఒక గ్రంథాలయం తెరిచారు. అందులో పుస్తకాలు మనుషులే! లోకం దూరంగా ఉంచేవారు, అనుమానంగా చూసేవారు "పుస్తకాలు"గా కూర్చున్నారు. వచ్చినవారు ఒకరిని ఎంచుకొని, ఎదురుగా కూర్చుని, మామూలుగా అడగడానికి జంకే ప్రశ్నలు అడగవచ్చు. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు "పుస్తకానికి" ఉంది. నాలుగు రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున అది నడిచింది. యాభైకి పైగా "పుస్తకాల"ను వెయ్యిమందికి పైగా చదివారు.

అన్నిటికంటె నాకు నచ్చింది తలుపులు తెరవకముందు జరిగిన సంగతి. పాఠకులు ఇంకా రాలేదు. ఊరకే కూర్చోలేక "పుస్తకాలే" ఒకరినొకరు చదువుకోవడం మొదలుపెట్టారు. గోడలమీద దొంగచాటుగా రంగులతో రాసే వ్యక్తితో పోలీసు ముచ్చటలో పడ్డాడు. పట్టుకునేవాడు, పట్టుబడేవాడు ఒకే బల్ల దగ్గర!

ఈ పద్ధతి ఎనభైకి పైగా దేశాలకు పాకింది. 2017లో మన హైదరాబాదుకూ వచ్చింది.

అరగంట మాట్లాడి ఎవరి దారిన వారు పోతే ఇరుగుపొరుగు ఏర్పడుతుందా? నా మట్టుకు నాకు, అది చాలదనిపిస్తుంది. మన ఊళ్లలో అరుగులమీద కథలు రాత్రి రాత్రీ సాగేవి, అదే మనుషులు మళ్లీ మళ్లీ వినేవారు. అయితే ఆ అరుగుమీద అందరికీ చోటుండేది కాదు. కొందరు కింద నిలబడే వినవలసి వచ్చింది. ఆ సంగతి మన సంఘాలలో చాలామందికి వేరే చెప్పనక్కరలేదు. ఆ డెన్మార్కు బల్ల దగ్గర ఇద్దరికీ కుర్చీలే. పొరుగువాడెవరని అడిగినవానికి యేసు ప్రభువు కథ చెప్పినప్పుడు కూడా (లూకా 10), ఎవరూ దగ్గరికి రానివ్వని సమరయుణ్ణే అందులో ముందుకు తెచ్చాడు.

పట్టణంలో బిడ్డల దగ్గర నెల రోజులు ఉండి వచ్చే అమ్మమ్మలూ తాతయ్యలూ "అక్కడ పొద్దుపోదు బాబూ" అంటుంటారు. ఈసారి వెళ్లినప్పుడు సాయంత్రం మేడమీద ఒక చాప పరచి చూడండి. పిల్లలు కథ కోసం వాళ్లంతట వాళ్లే వస్తారు, పిల్లల వెనుక తల్లులు వస్తారు. ఒక పెద్ద కాగితంమీద ఏ వాటావారిది ఏ ఊరో ఆ పిల్లలచేతనే బొమ్మలుగా వేయించండి. ఒకరోజు మీ కథ ఆపి, కింద గేటు దగ్గర కాపలా ఉండే కుటుంబాన్ని పైకి పిలిచి, వాళ్లది ఏ ఊరో, ఈ పట్టణానికి ఎందుకు రావలసి వచ్చిందో అడగండి. వాళ్లు చెబుతున్నంతసేపూ చాపమీదే కూర్చోబెట్టండి.